విమానములో నర్సమ్మ

శౌచాలయమునకని లేచిన ప్రయాణికుడు పొరపాటున విమానపు వెలుపలి తలుపు తెరవకుండ కనిపెట్టి యుండుట 1930 నాటి విమానపరిచారిక విధులలో నొకటియని చదివిన నాటినుండి నా మనస్సు ఆమెనే వెన్నాడుచున్నది. కుర్చీల బోల్టులు వదులైనచో బిగించుటయు, విమానము నడిదారిలో దిగిపోయినచో ప్రయాణికులను రైలెక్కించుటకై రైళ్ల వేళల పట్టిక వెంటనుంచుకొనుటయు నామె పనులే.

ఆమె పేరు ఎలెన్ చర్చి. విమానము నడపవలెనని కోరి, స్త్రీ యగుటచే ఆ యవకాశము దొరకక, నర్సులను ప్రయాణికులకు తోడుగా పంపుడని బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్టు అధికారియైన స్టీవ్ స్టింప్సనును ఒప్పించి, 1930 మే 15న ఓక్లాండునుండి షికాగోకు పయనమైన విమానములో తానే తొలి పరిచారికగా నెక్కెను. తొలి జట్టున ఎనిమిదిమంది, ఎనిమిదిమందియు నర్సులే. ఇరుకు విమానము గనుక 115 పౌన్ల బరువును, 5 అడుగుల 4 అంగుళముల యెత్తును మించరాదను నియమము లుండినను, అసలు అర్హత మాత్రము వైద్యశాలలో నేర్చిన విద్యయే. రెండవ ప్రపంచయుద్ధమున నర్సులు సైన్యమునకు తరలిపోగా నర్సులే కావలెనను నియమము సడలెను. ఎలెన్ చర్చియు సైనిక నర్సుగా పోయెను. యుద్ధము ముగిసినను ఆ నియమము మరల రాలేదు. రూపము, చిరునవ్వు ముందునకు వచ్చి, విద్య వెనుకబడుట నాకు మిక్కిలి బాధాకరముగ తోచును.

ఆమెకు పూర్వమే, 1912లో, జెప్పెలిన్ వాయునౌకపై పరిచారకుడుగ చేరిన హైన్రిక్ కూబిస్, 1937లో హిండెన్‌బర్గు వాయునౌక తగులబడినప్పుడు ప్రయాణికులను కిటికీలనుండి దూకుడని పురికొల్పి, పిదప తానును దూకి బ్రతికెను. ఈ వృత్తి సారమంతయు ఆ కొన్ని క్షణములలోనే యున్నది. అమెరికాలో సగము ద్వారములతోనే విమానమును 120 సెకండ్లలో ఖాళీచేసి చూపవలెనను నిబంధన 1965లో వచ్చి, 1967లో 90 సెకండ్లకు తగ్గెను. పరిచారికలకు ప్రభుత్వ యోగ్యతాపత్రము మాత్రము 2003 నాటి చట్టముతోగాని రాలేదు.

మన హైదరాబాదున నిజాం ప్రభుత్వము, టాటాలు కలిసి 1945లో స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేటనుండి డకోటా విమానములను నడపి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్సులో లీనమయ్యెను. ఆ పేరు నగరస్మృతినుండి చెరిగిపోవుట పెద్ద నష్టము. పిమ్మట ఫిరోజ్‌గూడలో వెలసిన ఇండియన్ ఎయిర్‌లైన్సు శిక్షణకేంద్రము విమానయాన విద్యకు ఇచ్చట నీడనిచ్చెను.

మా ఛత్రినాకలో నేటికిని ఆడపిల్ల ఈ యుద్యోగము కోరినచో పెద్దలు ముందుగా నడుగునది ఎత్తును, రంగును గూర్చియే. పొగ నిండిన గదిలో దారి వెదకుట, మంటలార్పుట, అత్యవసరద్వారము తెరచి జారుడుబల్లపై జనమును దింపుట, నీటిలో తెప్పపైకి మనుష్యుల నెక్కించుట, ఆగిన గుండెను మరల కొట్టుకొనునట్లు చేయుట ఆ పిల్ల నేర్చునని వారికి చెప్పువారు లేరు. ఈ విద్యను ఏటేటా తిరిగి నేర్చి పరీక్షకు నిలువవలెను. అందు తప్పినచో, మరల నెగ్గువరకు ఆమె విధికెక్కరాదు.