సుత్తి ఆఖర్న

ఒరే చిన్నోడా, ఆ సుత్తి కింద పడేసి ఇలా మంట దగ్గరికి రా. సాయంత్రం నుంచి ఒకటే మోత. రేపటి భోగి ఇవాళే వచ్చేసిందనుకుంటారు వీధిలోవాళ్లు. వెనక డిస్కు ఊడలేదు కదూ? ఊడదు. ఆ కొబ్బరి మట్ట ఇటు తోసి కూర్చో, చెప్తాను.

1986లో సెకండ్‌హ్యాండ్‌లో మార్క్ 3 అంబాసిడర్ కొన్నాను. గాజువాక నుంచి కేజీహెచ్‌కీ, రైల్వే స్టేషన్‌కీ కిరాయిలు తిప్పేవాణ్ణి. మీ నాన్నకి అప్పుడు ఆరేళ్లు. ఆ వానాకాలం కామెర్లొచ్చి నెలన్నర మంచం పట్టాను. బండేమో చింతచెట్టు కింద, హ్యాండ్ బ్రేకు లాగేసి ఉంది. మన సముద్రపు గాలి సంగతి తెలిసిందేగా, కిటికీ ఊచలే పెచ్చులు పెచ్చులుగా రాలిపోతాయి. లేచి బండి తీద్దామంటే కదల్లేదు. వెనక చక్రాలు రెండూ పట్టేశాయి.

ఒళ్లింకా తేరుకోలేదు గానీ పొగరు మాత్రం తేరుకుంది. జాకీ ఎత్తి, ఎడమ చక్రం ఊడదీసి, డ్రమ్ము అంచు మీద సమ్మెటతో బాదాను. నాలుగో దెబ్బకి అరచెయ్యంత పెచ్చు ఎగిరి నా కాలి పక్కన పడింది. పోత ఇనుము వంగదురా, పగులుతుంది. రెండు వారాల కిరాయి డబ్బులు కొత్త డ్రమ్ముకే పోయాయి.

కుడివైపు తీయడానికి ఆటోనగర్ నుంచి ఓ ముసలి మేస్త్రిని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన సుత్తి అడగలేదు. బీడీ వెలిగించి, "దీన్ని ఏది పట్టుకునుందో చెప్పు" అన్నాడు.

"తుప్పు."

"తుప్పు మూడోది. ముందు రెండూ చెప్పు."

నోరెళ్లబెట్టాను. డ్రమ్ము ముఖం మీద మట్టి గోకి చూపించాడు. స్క్రూలు! అవి తీయకుండానే ఎడమవైపు బాదానన్నమాట. రెండోది లోపలి షూలు. డ్రమ్ము అరిగే కొద్దీ లోపల గాడి పడి, అంచున గట్టు మిగులుతుంది. షూలు ఆ గాడిలో కూర్చుంటే ఎంత లాగినా గట్టు తట్టుకుంటుంది. హ్యాండ్ బ్రేకు దింపి, అడ్జస్టరు వదులు చెయ్యమన్నాడు.

"హ్యాండ్ బ్రేకు దింపితే మరి బండిని ఆపేదేమిటి?" అని ఆయనే అడిగాడు. "గేరులో ఉందిగా" అన్నాను. నవ్వాడు. అంబాసిడర్‌ని నడిపేవి వెనక చక్రాలే. ఒకటి గాల్లోకి లేచిందా, డిఫరెన్షియల్ దాన్ని ఊరికే తిరగనిస్తుంది, నేల మీదున్నదాన్ని గేరు పట్టుకోదు. ముందు చక్రాలకి అటూ ఇటూ రాళ్లు పెట్టించాడు. జాకీని నమ్మక ఇరుసు కింద దుంగ వేయించాడు.

తుప్పు సంగతి ఆఖర్న చూశాడు. హబ్బు చుట్టూ కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలేశాడు. లైనర్లు ఎలాగూ మార్చేవే కాబట్టి తడిసినా పర్లేదు. పొద్దున్నే కర్రముక్క అడ్డం పెట్టి, డ్రమ్ము తిప్పుతూ స్టడ్డుకీ స్టడ్డుకీ మధ్య చిన్నగా తట్టాడు. చేతిలోకి వచ్చేసింది.

నాది డిస్కు, డ్రమ్ము కాదు కదా అంటావు. మీ నాన్న సీఆర్‌వీకి వెనక డిస్కు నడిమి బొడిపె లోపల హ్యాండ్ బ్రేకు కోసం చిన్న డ్రమ్ము దాగుంది. లెక్క అదే. రబ్బరు బిరడా తీసి టార్చి వేస్తే కన్నంలో పళ్ల చక్రం కనపడుతుంది, అది తిప్పి షూలు లోపలికి తీసుకో. డిస్కు మీది రెండు స్క్రూలనీ మామూలు స్క్రూడ్రైవర్‌తో కెలికితే తల అరిగిపోతుంది, ఇంపాక్ట్ డ్రైవర్ తెచ్చుకో. కాలిపర్‌ని బ్రేకు గొట్టం మీద వేలాడదీయకు, తీగతో పైకి కట్టు. డిస్కులో ఇంకో రెండు మర కన్నాలు ఖాళీగా ఉంటాయి చూడు. వాటిలో 8 మిల్లీమీటర్ల బోల్టులు పెట్టి దీన్ని అరచుట్టు, దాన్ని అరచుట్టు బిగించుకుంటూ పో. బోల్టుల కొసలు హబ్బుని నెడితే డిస్కు దానంతటదే బయటికొస్తుంది. లోపలి పొడి మాత్రం నోటితో ఊదకు, తడిగుడ్డతో తుడువు. మా రోజుల్లో లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. అది ఊపిరితిత్తులకి చేటని తెలీక అందరం ఊదినవాళ్లమే.

ఇంకొక్కటి. మేస్త్రి కుడివైపు ముగించి వెళ్లిపోయాక ఎడమవైపు నేనే బిగించాను. అడ్జస్టరు సర్దడం మరిచిపోయి బండి వెనక్కి తీశాను. పెడల్ నేలకంటా దిగిపోయింది. మన నూతి చప్టా మీద ఆ పగులుందే, అది అప్పటిదే. రేపు బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కి చూసుకో.