నిద్రపట్టని పోపు గడియారం

ముళ్ళు లేని వాచీ చూపిస్తే చాలామంది ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకుంటారు. దాని పుట్టుక 1650లలో, రోమ్‌లో. పోపు ఏడవ అలెగ్జాండర్‌కి రాత్రిళ్ళు రెండు బాధలు: గడియారం టిక్కు టిక్కుమంటే నిద్రపట్టదు, మెలకువ వస్తే చీకట్లో టైమెంతో తెలియదు. గడియారాలు చేసే కంపానీ సోదరులు రెంటికీ ఒకే మందు కనిపెట్టారు. చప్పుడు లేని యంత్రం కట్టారు, ముళ్ళు తీసేశారు, అంకెల్ని రేకులో కత్తిరించి వెనక నూనెదీపం పెట్టారు. వెలిగే అంకె సూర్యుడిలా ఒక పక్క పొడిచి, గంటసేపు వంపు వెంట నడిచి, రెండో పక్క దిగిపోతుంది. అది దిగేవేళకి తరవాతి అంకె ఎక్కుతుంది. ఏ అంకె కనిపిస్తే అన్ని గంటలు. అది వంపులో ఎంత దూరం వచ్చిందో చూస్తే గంటలో ఎంత గడిచిందో తెలుస్తుంది.

ఆ దీపమంటే నాకు ఎంత ఇష్టమో! చెక్కపెట్టెలో, నూనె పూసిన పళ్ళచక్రాల పక్కన మంట వెలిగించడానికి ఎంత ధైర్యం కావాలి! పొగ పోవడానికి గొట్టం కూడా అమర్చేవారు.

ఈ సరదా లండన్‌కీ పాకింది. ఇంగ్లండు రాణి కేథరీన్ మంచం పక్కన దీపపు గడియారం చూశానని శామ్యూల్ పెపిస్ 1664లో డైరీలో రాసుకున్నాడు. ఎడ్వర్డ్ ఈస్ట్, జోసెఫ్ నిబ్ అలాంటివి చేశారు. తరవాత ఈ నడిచే అంకెలు జేబు వాచీల్లోకీ వచ్చాయి. కానీ తాడు లాగితే గంటలు కొట్టి చెప్పే గడియారాలు రావడంతో దీపంతో పనిలేకపోయింది. 1675 నాటి బ్యాలెన్స్ స్ప్రింగుతో వాచీలు నిమిషాల లెక్కకి నిలవడం మొదలయ్యాక నిమిషాల ముల్లే రాజ్యమేలింది.

1991లో ఆడెమార్స్ పీగే కంపెనీ 'స్టార్ వీల్' పేరుతో మూడు పారదర్శక బిళ్ళలపై ఆ అంకెల్ని మళ్ళీ నడిపించింది. 1997లో జెనీవాలో వాచీల పనివాడు ఫెలిక్స్ బౌమ్‌గార్ట్‌నర్, చిత్రకారుడు మార్టిన్ ఫ్రై 'ఉర్‌వెర్క్' కంపెనీ పెట్టి, తమ మొదటి వాచీలకే కంపానీల పద్ధతి ఎంచుకున్నారు. ఫెలిక్స్ తండ్రి పాత గడియారాలు బాగుచేసేవాడు. నేనూ నాన్న రిపేరు బల్ల దగ్గరే పెరిగాను. పాతవి విప్పి చూసినవాడికే ఇంత కొత్తది తడుతుందని నా గట్టి నమ్మకం. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీల దెబ్బకి స్విట్జర్లాండులో ఎన్నో వర్క్‌షాపులు మూతపడ్డాక, 1985లో స్వెండ్ ఆండర్సన్, విన్సెంట్ కలబ్రేసే స్వతంత్ర గడియార కళాకారుల సంఘం పెట్టారు. ఫెలిక్స్ ఆ ఆండర్సన్ దగ్గరే పనిచేశాడు.

ఈ వాచీల గొప్పతనమంతా అంకెల నడకలోనే ఉంది. అందుకే ఇలాంటి వాచీలు కొనేవాళ్ళకి బంగారం బరువు, వజ్రాల లెక్క పక్కన పెట్టమంటాను. కీ ఇచ్చి, గంట మారేదాకా కూర్చోండి. పాత అంకె 60 దగ్గర దిగేసరికి కొత్త అంకె సరిగ్గా సున్నా మీదికి రావాలి. అక్కడ తేడా వస్తే, మిగతాది ఎంత అందంగా ఉన్నా నేను తీసుకోను.