పత్రిక ఎవరి గదిలో పుట్టింది?

పాత పత్రిక ఒకటి చేతికొస్తే ముందు ముఖచిత్రం చూస్తాం, తర్వాత విషయసూచిక. చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది: ఫలానా ముద్రాక్షరశాలలో అచ్చయింది, ఫలానా వీధి నుంచి ఫలానావారు ప్రకటించారు అని. దాన్ని మాత్రం ఎవరం చదవం. బ్రిటిష్ ఇండియాలో ఆ వాక్యం మర్యాద కోసం వేసింది కాదు. 1867లో వచ్చిన చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకం మీదా, పత్రిక మీదా అచ్చువేసినవారి పేరు, అచ్చయిన చోటు ఉండి తీరాలి. రేపు ఏదైనా తేడా వస్తే ఎవరి తలుపు కొట్టాలో సర్కారుకి తెలియాలి కదా! దొరతనం తన అవసరం కోసం వేయించిన ఆ వాక్యమే ఇప్పుడు సాహిత్య చరిత్ర రాసేవాళ్ళకి పనికొస్తోంది. పత్రిక ఏ గదిలో పుట్టిందో అదే చెబుతుంది.

ఇప్పుడు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిసి చిన్న పత్రిక పెట్టాలనుకుంటే కోవర్కింగ్ స్పేస్‌లో ఒక టేబుల్ అద్దెకి తీసుకుంటారు. పక్క టేబుల్ మీద యాప్ తయారుచేసేవాళ్ళు, అవతల ట్యాక్స్ లెక్కలు చూసేవాళ్ళు. వైఫై, కాఫీ, మీటింగ్ రూమ్ అందరికీ ఉమ్మడి. ఇదేదో కొత్త ఏర్పాటులా కనిపిస్తుంది. కానీ తెలుగులో చిన్న పత్రికకి సొంత గది ఉండటమే అరుదు. అది ఎప్పుడూ ఇంకెవరి పనిలోనో, ఇంకెవరి చూరు కిందో కాస్త చోటు చూసుకునే బతికింది. ఆ చోటు ఎవరిది అన్నదాన్ని బట్టే పత్రిక ఎంతకాలం నడుస్తుంది, ఎవరికి భయపడుతుంది అనేవి తేలిపోయాయి.

కందుకూరి వీరేశలింగం సంగతే చూడండి. 1874లో 'వివేకవర్ధని' మొదలుపెట్టేనాటికి ఆయన బడిపంతులు. పత్రిక గోదావరి ఒడ్డున తయారయ్యేది, అచ్చు మాత్రం చెన్నపట్నంలో. రాజమండ్రి కోర్టుల్లో లంచాల గురించి రాసే మనిషికి ఈ దూరం ఇబ్బందే. రాసింది పంపాలి, అచ్చయ్యేదాకా కాచుకోవాలి, ఈలోగా వార్త పాతబడుతుంది. తర్వాత రాజమండ్రిలోనే ముద్రాక్షరశాల పెట్టుకున్నాక పత్రికకి పళ్ళు మొలిచాయి. టేబుల్ ఉంటే చాలదు, యంత్రం ఎవరి చేతిలో ఉందన్నది కూడా ముఖ్యమే అని మనవాళ్ళకి అప్పుడే అర్థమైంది.

దీనికి పూర్తిగా భిన్నమైన దారి కాశీనాథుని నాగేశ్వరరావుది. కృష్ణా జిల్లా ఎలకుర్రు నుంచి బొంబాయి చేరి, 1893లో అమృతాంజనం వ్యాపారం పెట్టారు. 1908లో అక్కడే 'ఆంధ్రపత్రిక' వారపత్రికగా మొదలైంది. తెలుగువారి పత్రిక బొంబాయిలో పుట్టడమేమిటని ఇప్పటికీ వింతగా అనిపిస్తుంది. కానీ లెక్కల పుస్తకం వైపు నుంచి చూస్తే వింతేమీ లేదు. తలనొప్పి మందు అమ్మే మనిషికి పత్రికకి కావలసినవన్నీ ముందే అలవాటు: ఊరూరా ఏజెంట్లు, పోస్టు పార్సెళ్ళు, ప్రకటన ఎలా రాస్తే జనం కొంటారన్న తెలివి. మందు తెచ్చిన డబ్బు పత్రిక నష్టాన్ని మోసింది. 1914లో ఆంధ్రపత్రిక మద్రాసు చేరి దినపత్రికైంది. 1924లో దాని పక్కనే సాహిత్య మాసపత్రిక 'భారతి' వచ్చింది. భారతిని ఇవాళ మనం సాహిత్య శిఖరంలా తలుచుకుంటాం. ఆ శిఖరం కింద ఉన్న రాయి, పసుపుపచ్చటి చిన్న సీసా. సంపాదకీయం బల్లకీ మందు గల్లాపెట్టెకీ యజమాని ఒక్కడే కాబట్టి అమ్మకాలు పడిపోతాయేమోనని సాహిత్యం తలవంచాల్సిన పని తక్కువ. 1938లో నాగేశ్వరరావు పోయాక కూడా ఆంధ్రపత్రిక, భారతి రెండూ దాదాపు 1990 దాకా నడిచాయంటే కారణం ఆ పునాదే.

బందరులో 'కృష్ణాపత్రిక' ఇంకో రకం. 1902లో మొదలైన ఆ పత్రికకి అమృతాంజనం లాంటి అండ లేదు. ముట్నూరి కృష్ణారావు సంపాదకుడయ్యాక ఆఫీసుకి సాయంత్రం పూట ఇంకో పేరొచ్చింది, దర్బారు. కవులు, గాయకులు, చిత్రకారులు, దేశం కోసం తిరిగేవాళ్ళు, ఊరికే కబుర్లకి వచ్చేవాళ్ళు అక్కడ చేరేవారు. పత్రికాఫీసు అందరి గదైపోయింది. ఇప్పటి కోవర్కింగ్ కంపెనీలు 'కమ్యూనిటీ' అనే మాటని నెలసరి ప్యాకేజీలో కలిపి అమ్ముతున్నాయి. బందరులో దానికి రుసుము లేదు, కాకపోతే మాట్లాడగలిగి ఉండాలి. ఇలాంటి చోట పత్రికకి అద్దె కలిసిరాదు, రాతలు కలిసొస్తాయి. సాయంత్రం మాటల్లో నలిగిన ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు కాలమ్‌లోకి ఎక్కకుండా ఉంటుందా?

అసలు కష్టమైన కథ నిజాం రాజ్యంలోది. అక్కడ పాలన భాష ఉర్దూ. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసి గోల చేశారు. ఆ అవమానం లోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఏడాది తిరక్కుండా, 1922లో, రెండు పత్రికలు వచ్చాయి. నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు 'నీలగిరి' తెచ్చారు. ఓరుగల్లు ప్రాంతంలో ఇనుగుర్తి అనే పల్లె నుంచి ఒద్దిరాజు సోదరులు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు 'తెనుగు' తెచ్చారు.

ఇనుగుర్తి దగ్గర కాస్త ఆగాలి. కేసముద్రం పక్కనున్న ఆ పల్లెలో అన్నదమ్ములిద్దరూ అచ్చుయంత్రం పెట్టుకున్నారు. రాయడం వాళ్ళే, అక్షరాలు పేర్చడం వాళ్ళే, అచ్చు తీయడం, మడతపెట్టి చిరునామాలంటించి పోస్టుకి సిద్ధం చేయడం అన్నీ వాళ్ళే. సీసం అక్షరాలతో పని ఎలా ఉంటుందో ఒకసారి ఊహించండి. తెలుగుకి ఇరవయ్యారు అక్షరాలతో సరిపోదు. గుణింతాలు, వత్తులు అన్నీ కలిపితే కేసుల్లో వందల గళ్ళు కావాలి. ఒక్కో అక్షరం ఏరి, తిరగేసి పేర్చాలి. అచ్చయ్యాక మళ్ళీ అన్నీ విడదీసి ఏ గడిది ఆ గడిలో వేయాలి, లేకపోతే వచ్చే వారం పత్రిక లేదు. ఇల్లూ ఆఫీసూ ప్రెస్సూ వేరుకాని ఆ పల్లెలో ప్రతి వారం ఇదే చాకిరీ. చందాదారులు ఎంతమంది ఉంటారన్న లెక్క ముందేసుకుంటే ఇలాంటి పత్రిక పుట్టదు. మన భాషకి ఇక్కడ అచ్చు రూపం ఉంది అని చూపించడమే అక్కడ పని. కొన్నేళ్ళే నడిచింది, నిజమే. ఆ కొన్నేళ్ళ తర్వాత తెలంగాణలో తెలుగు పత్రిక అసాధ్యం అనే మాట మాత్రం చెల్లలేదు.

1926లో హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ' పత్రిక మొదలుపెట్టేనాటికి ఆయన రెడ్డి హాస్టల్ బాధ్యతలు కూడా చూస్తున్నారు. చదువుకోవడానికి పల్లెల నుంచి వచ్చిన పిల్లల బాగోగులు ఒక చేత్తో, పత్రిక ప్రూఫులు ఇంకో చేత్తో. ఈ రెండు పనులకీ సంబంధం లేదనుకోకండి. జిల్లాల నుంచి వచ్చే ఆ పిల్లలే రేపటి పాఠకులు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాట వినిపించినప్పుడు ఆయన వాదనకి దిగలేదు. జిల్లాల్లోని కవుల వివరాలూ పద్యాలూ సేకరించి 1934లో 'గోలకొండ కవుల సంచిక' వేశారు. అందులో 354 మంది కవులున్నారు. ఒక చిన్న ఆఫీసు, పోస్టు పెట్టె, ఓపిక: ఈ మూడింటితో అంత పని జరిగింది.

ఈ కథల్లో ఎక్కడా కనిపించని మనుషులు కూడా ఉన్నారు. ఇల్లే ఆఫీసైనప్పుడు వచ్చినవాళ్ళకి కాఫీలూ భోజనాలూ ఎవరు చూశారు? రాత్రి చిరునామాలు అంటించింది ఎవరు? ఆ పేర్లు చివరి పేజీ వాక్యంలోకి రాలేదు. ఒక్కోసారి అవసరం వాళ్ళని ముందుకి తెచ్చింది. 1966లో హనుమకొండలో మొదలైన 'సృజన'కి, వరవరరావు జైలుకెళ్ళాక సంపాదకురాలిగా హేమలత పేరు వచ్చింది. ఆ పేరు వేసుకోవడమంటే ఇంటికి వచ్చే పోలీసుకి జవాబు చెప్పే బాధ్యత కూడా తీసుకోవడమే. ఇంటి పనికి పేరు దొరకడానికి ఎంత ఖరీదు కట్టాల్సి వచ్చిందో చూడండి.

ఇప్పుడు మళ్ళీ అద్దె టేబుల్ దగ్గరికి వద్దాం. అక్కడ సౌకర్యాలకి లోటు లేదు. అక్షరాలు పేర్చక్కర్లేదు, లేఔట్ ల్యాప్‌టాప్‌లో అయిపోతుంది. 1867 చట్టం కూడా పోయింది. దాని స్థానంలో 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి నుంచి అమల్లో ఉంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. కావాలంటే మనిషి కూర్చోకుండా చిరునామా ఒక్కటే నెలకింత అని అద్దెకి దొరుకుతుంది.

ఇందులో తప్పేమీ లేదు. చిన్న పత్రికకి ఖర్చు తగ్గడమంటే ఇంకో రెండు సంచికలు బతకడమే. అయితే పాత గదుల్లో పక్కనున్న పనికీ పత్రికకీ రక్తసంబంధం ఉండేది. అమృతాంజనం ఆంధ్రపత్రికని మోసింది, హాస్టలు గోలకొండకి పాఠకుల్ని పెంచింది, దర్బారు కృష్ణాపత్రికకి మాటలిచ్చింది. ఇప్పటి పక్క టేబుల్‌కి మన పత్రిక పేరైనా తెలుసా? అది తెలుగు చదువుతుందా? నెల అద్దె కట్టలేని రోజున ఆ భవనం మనల్ని గుర్తుపెట్టుకుంటుందా, లేక యాక్సెస్ కార్డు పనిచేయడం మానేస్తుందా?

అందుకే, చిన్న పత్రిక పెట్టాలనుకునేవాళ్ళు టేబుల్ ఎంతకి వస్తుందన్న లెక్కతో పాటు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. మన నష్టాన్ని ఎవరి లాభం మోస్తుంది, సాయంత్రం మన గదిలోకి అడక్కుండా ఎవరు రాగలరు అని. ఈ రెండింటికీ జవాబు దొరికితే చిరునామా ఏదైనా ఫర్వాలేదు. ఇనుగుర్తి ఎక్కడుందో హైదరాబాదులో ఎంతమందికి తెలుసు? అయినా అక్కడి నుంచి పత్రిక వచ్చింది.