బీమా సొమ్ము ఎవరిది? నామినీ పేరు వెనక నూట యాభై ఏళ్ల కథ



ప్రతి ఏడాదీ ఈ పుస్తకంలో పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, అప్పుల రికవరీ రాస్తుంటాము. ఈసారి మా గ్రామ సంఘం తరఫున ఒక చరిత్ర రాస్తున్నాము. దానికి కారణం ఉంది. పోయిన ఏడాది మా సంఘంలో ఒక చెల్లెలి భర్త చనిపోయాడు. అతని ఖాతాలోంచి ఏడాదికి 436 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా ఉంది. రెండు లక్షలు వస్తాయి, దిగులు పడకు అని అందరం ధైర్యం చెప్పాము. తీరా కాగితాలు తీస్తే నామినీ దగ్గర అతని తల్లి పేరు ఉంది. పెళ్లికి ముందు రాసిన పేరు, తరవాత మార్చలేదు. చెల్లెలికి ఇద్దరు చిన్నపిల్లలు. "ఇంతకీ ఈ డబ్బు ఎవరిది అక్కా?" అని ఆమె మీటింగులో అడిగితే మా ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ జవాబు కోసం తిరిగి, అడిగి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాము.

మన అమ్మమ్మల అమ్మమ్మల కాలంలో ఉమ్మడి కుటుంబంలో మగమనిషి పోతే అతని వాటా అన్నదమ్ములకే కలిసేది. భార్యకు దక్కేది మనోవర్తి, అంటే తిండీ బట్టా. 1937లో ఒక చట్టం వచ్చి భర్త వాటాను బతికినన్నాళ్లు అనుభవించే హక్కు ఇచ్చింది గానీ, తన ఇష్టప్రకారం అమ్ముకునే హక్కు ఇవ్వలేదు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాకే పూర్తి హక్కు వచ్చింది. కాబట్టి భార్యాపిల్లల గురించి ఆలోచించే మగవాడు కొంత డబ్బును ఉమ్మడి ఆస్తికి బయట పెట్టాల్సి వచ్చేది. అందుకు పనికొచ్చిన దారుల్లో ఒకటి బీమా.

1874లో బ్రిటిషు వాళ్లు వివాహిత స్త్రీల ఆస్తి చట్టం తెచ్చారు. అందులో 6వ సెక్షను మనం గుర్తుపెట్టుకోవాలి. భర్త తన ప్రాణం మీద పాలసీ తీసుకుని, ఇది నా భార్య కోసం, నా పిల్లల కోసం అని ఆ పాలసీ మీదే రాయిస్తే, ఆ సొమ్ము ట్రస్టు అవుతుంది. ట్రస్టు అంటే భయపడనక్కర్లేదు. మన సంఘం డబ్బు కోశాధికారి చేతిలో ఉంటుంది, అంతమాత్రాన అది ఆమె డబ్బు అయిపోదు కదా. అదే ట్రస్టు. అలా రాసిన సొమ్ము భర్త ఆస్తిలో కలవదు. అప్పులవాళ్లు మామూలుగా దాని మీద చెయ్యి వేయలేరు. అన్నదమ్ములు వాటా అడగలేరు.

కానీ ఆ చట్టం మొదట్లో హిందువులకు, ముస్లింలకు వర్తించేది కాదు. ఆ సెక్షను మాత్రం హిందువులకూ వర్తిస్తుందా అని కోర్టుల్లో వాదనలు జరిగాయి. బొంబాయి కోర్టు వర్తించదంది. మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి వర్తిస్తుందని తీర్పు చెప్పింది. ఆ కేసు పేరు 'బాలాంబ వర్సెస్ కృష్ణయ్య'. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే. 1923లో చట్టాన్ని సవరించి, మద్రాసులో 1913 డిసెంబరు 31 తరవాత తీసుకున్న పాలసీలకు, మిగతా చోట్ల 1923 ఏప్రిల్ 1 నుంచి తీసుకున్న వాటికి ఈ రక్షణ ఇచ్చారు. నిజాం పాలనలో ఉన్న తెలంగాణ జిల్లాలకు మాత్రం 1959లో గానీ ఆ చట్టం రాలేదు. మన వైపు ఆడవాళ్లకు పదేళ్ల ముందే ఈ హక్కు దక్కిందంటే, అందులో బాలాంబ అనే పేరు ఉందని మాకు ఇన్నాళ్లూ తెలియదు.

1925లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ పెట్టారు. అయినా ఆ రోజుల్లో పాలసీ అంటే ఉద్యోగస్తులకు, కాస్త కలిగినవాళ్లకు. కూలి చేసుకునే ఇళ్లకు ఆ మాటే తెలియదు.

1938లో బీమా చట్టం వచ్చింది. 39వ సెక్షనులో 'నామినీ' అన్న మాట వచ్చింది. మనిషి పోయాక కంపెనీ ఎవరికి డబ్బు ఇవ్వాలో ముందే పేరు రాసుకోవచ్చు. 1956లో కంపెనీలన్నీ కలిపి ఎల్ఐసీ పెట్టారు. పాలసీలు ఊళ్లకు వచ్చాయి. నామినీగా ఎవరి పేరుంటే డబ్బు వాళ్లదే అని జనం అనుకున్నారు.

అది నిజం కాదని 1983లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకతను రెండు పాలసీలు తీసుకున్నాడు, ఒక్కొక్కటి పదివేలు. నామినీ భార్య. 1982లో అతను వీలునామా రాయకుండా చనిపోతే అతని తల్లి, కొడుకు మాకూ వాటా ఉందని కోర్టుకు వెళ్లారు. నామినీ అంటే డబ్బు అందుకునే చెయ్యి మాత్రమే, ఆ డబ్బు వారసులందరిదీ అని కోర్టు తేల్చింది. అంటే నామినీ కూడా మన కోశాధికారి లాంటిదే అన్నమాట. చాలామంది భార్యలకు ఇది దెబ్బ. అదే సమయంలో, పేరు లేని భార్యలకు ఇది ఆసరా కూడా.

2015లో చట్టం మళ్లీ మారింది. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు, వీళ్లలో ఎవరిని నామినీగా రాసినా డబ్బు వాళ్ల సొంతం అని రాశారు. అదే ఏడాది మన ఖాతాల మీద రెండు లక్షల బీమా పథకం మొదలైంది. భార్య పేరు రాసి ఉంటే ఈ మార్పు మంచిదే. పాత పేరు మార్చకుండా వదిలేస్తే మాత్రం మా చెల్లెలి గతే.

సరిగ్గా ఇలాంటి గొడవే కర్ణాటకలో జరిగింది. పెళ్లికి ముందు తల్లి పేరు రాశాడు, పెళ్లయ్యాక మార్చలేదు, 2019లో చనిపోయాడు. భార్య కోర్టుకు వెళ్లింది. వారసులు అడిగితే నామినీ ఒక్కరికే దక్కదు అని 2025లో ధార్వాడలో హైకోర్టు బెంచి చెప్పి, తల్లికి, భార్యకు, బిడ్డకు తలా ఒక వాటా వేసింది. న్యాయం జరిగింది, సంతోషమే. కానీ మనిషి పోయింది 2019లో, తీర్పు వచ్చింది 2025లో. అన్నేళ్లు లాయరు ఫీజులు పెట్టుకుని తిరిగే ఓపిక మనలో ఎంతమందికి ఉంది?

ఇక మా చెల్లెలి సంగతి. డబ్బు ఇంకా పడకముందే దానికి లెక్కలు మొదలయ్యాయి. పెద్దకర్మకు చేసిన అప్పు తీర్చాలని ఒకరు, ఎండిపోయిన బోరు మళ్లీ వేద్దామని మరిది. మేము తీర్పులు చెప్పేవాళ్లం కాదు. అత్తాకోడళ్లిద్దర్నీ కూర్చోబెట్టి పైన రాసిన కథే చెప్పాము. అత్తగారు చాలాసేపు ఏడ్చింది. "నా కొడుకు నా పేరు రాసుకున్నాడు, నన్నెవరు చూస్తారు?" అంది. ఆ మాటా తప్పు కాదు, చట్టం ప్రకారం తల్లీ వారసురాలే. చివరికి ఆమే అంది, నలుగురం ఉన్నాం, నాలుగు వాటాలు వేయండి అని. తలా యాభై వేలు. కాగితం రాసి ఇద్దరూ సంతకం, వేలిముద్ర పెట్టారు. పిల్లల యాభై, యాభై పోస్టాఫీసులో వాళ్ల పేర్లతో డిపాజిట్ చేశారు. బోరు పడలేదు. మరిది ఇప్పటికీ వదినతో మాట్లాడడం లేదు. ఆ ఇంట్లో బాధ తీరిందని మేము చెప్పలేము, పిల్లల డబ్బు మాత్రం ఉంది.

ఆ తరవాత మీటింగులో అందరం పాస్‌బుక్కులు, బీమా కాగితాలు తెచ్చుకుని చూసుకున్నాము. చనిపోయిన మామగారి పేరు ఒకరికి, పుట్టింటి వాళ్ల పేరు ఇంకొకరికి. మా లీడరు పాస్‌బుక్కులోనే పెళ్లికి ముందు రాయించిన నాన్న పేరు ఉంది. నవ్వుకున్నాము గానీ ఆ వారమే బ్యాంకుకు వెళ్లి మార్చుకున్నాము.

అందుకే ప్రతి సంఘాన్నీ కోరుతున్నాము. ఖాతాకు ఒక నామినీ, బీమా ఫారంలో ఇంకో నామినీ ఉండొచ్చు, రెండూ చూడండి. మీవే కాదు, ఇంట్లో మగవాళ్లవి కూడా చూడండి. చిన్నపిల్లల పేరు రాస్తే వాళ్ల తరఫున డబ్బు తీసుకునే పెద్దమనిషి పేరు కూడా రాయించండి. ముసలి అత్తగారికి కూడా కొంత దక్కాలనుకుంటే ఆ మాట మనిషి బతికుండగానే అనుకుని రాసుకోండి. ఇంట్లో ఎవరైనా కొత్త పాలసీ తీసుకుంటుంటే, 1874 చట్టం కింద భార్యాపిల్లల పేరున రాయమని ఏజెంటును అడగండి. అది పాలసీ తీసుకునేటప్పుడే చెయ్యాలి. బ్యాంకులో దాచుకున్న డబ్బు సంగతి వేరు, అక్కడ నామినీ ఇప్పటికీ అందుకునే చెయ్యి మాత్రమే, హక్కు వారసులది.

చావు ఇంట్లో ఈ మాటలు మాట్లాడడం చాలా కష్టం. అందరూ బాగున్నప్పుడు, ఈ నెల మీటింగులోనే, ఒక అరగంట దీనికి పెట్టండి.