అమ్మరాదన్న షరతు ఎక్కడిది?

విక్రయ దస్తావేజులో ‘ఈ ఇంటిని ఎప్పటికీ, ఎవరికీ అమ్మరాదు’ అని రాయించారనుకుందాం. డబ్బు ముట్టి, రిజిస్ట్రేషన్ పూర్తయ్యాక ఆ మాటకు విలువ లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 10వ సెక్షన్ ప్రకారం, అమ్ముకునే హక్కును పూర్తిగా కట్టడిచేసే షరతు చెల్లదు. షరతు ఎగిరిపోతుంది, అమ్మకం నిలుస్తుంది. రిజిస్ట్రేషన్ కాకముందైతే సంగతి వేరు. అప్పటికి కొనేవారి చేతిలో ఉన్నది అగ్రిమెంటే కాబట్టి, అందులోని షరతులను తేలిగ్గా తీసుకోకూడదు.

అమ్ముకునే హక్కును కట్టడి చేయరాదన్న ఈ సూత్రం మూలాలు ఇంగ్లండులో ఉన్నాయి. 1290లో మొదటి ఎడ్వర్డ్ రాజు తెచ్చిన ‘క్వియా ఎంప్టోరెస్’ శాసనం, స్వతంత్రులైన భూధారకులు పైనున్న ప్రభువు అనుమతి లేకుండానే భూమి అమ్ముకోవచ్చంది. నిజానికి దాన్ని కోరింది ప్రభువులే. అమ్మకాల ముసుగులో తమకు రావలసిన ఆదాయం జారిపోతోందని వాళ్ల బాధ. వాళ్ల ప్రయోజనం కోసం పుట్టిన శాసనమే చివరికి అమ్ముకునేవాడికి స్వేచ్ఛనిచ్చింది.

మన చట్టంలో కీలకమైన మాట ‘పూర్తిగా’. అవధ్‌లోని ఒక కుటుంబ రాజీ ఒప్పందంపై 1932లో అప్పటి చివరి అప్పీలు కోర్టు ప్రీవీ కౌన్సిల్, బయటివాళ్లకు అమ్మరాదనడం పాక్షిక నిషేధమే కాబట్టి చెల్లుతుందని తేల్చింది. 2005లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. అహ్మదాబాద్‌లోని పార్సీల సహకార గృహ నిర్మాణ సంఘం పెట్టుకున్న, తమవాళ్లకే సభ్యత్వం, అంటే అమ్మినా తమవాళ్లకే అన్న బైలాను సమర్థించింది. ఇష్టపడి సభ్యుడిగా చేరినవాడు ఆ నియమానికి కట్టుబడాల్సిందేనంది. ఈ తీర్పు మింగుడుపడేది కాదు. ఇదే తర్కంతో ఏ కులమైనా, మతమైనా తన చుట్టూ గోడ కట్టుకోవచ్చు. అమెరికా సుప్రీంకోర్టు 1948లోనే, సెయింట్ లూయిస్ ఇంటి కేసులో, నల్లజాతివారికి అమ్మరాదన్న ఒప్పందాలను కోర్టులు అమలు చేయరాదంది.

అన్నిటికన్నా గట్టి నిషేధం మాత్రం సర్కారు ఇచ్చిన పట్టాల మీదే ఉంది. ప్రభుత్వ గ్రాంట్లకు ఆస్తి బదిలీ చట్టం వర్తించదని 1895 నాటి చట్టమే చెప్పింది. ఆ తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977 అసైన్డ్ భూముల చట్టం వచ్చింది. పేదలకు పంచిన భూమి మోతుబరుల చేతుల్లోకి, అప్పులవాళ్ల చేతుల్లోకి పోకుండా ఆపడం దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. అమ్మితే ఆ అమ్మకం చెల్లదు, భూమిని సర్కారు వెనక్కి తీసుకోవచ్చు.

కానీ కూతురి పెళ్లో, ఆస్పత్రి ఖర్చో వచ్చిపడితే జనం అమ్మక మానరు. స్థలం నోటరీ కాగితం మీద చేతులు మారుతుంది. కొన్నవాళ్లూ చాలాసార్లు పేదలే. ఇల్లు కట్టుకుంటారు, కరెంటు బిల్లు, ఇంటిపన్ను రసీదు తమ పేరున తెచ్చుకుంటారు. తీరా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళితే సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో కనబడుతుంది. బ్యాంకు అప్పు ఇవ్వదు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అమ్మకాలతో యాజమాన్య హక్కు రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చడంతో ఆ దారీ మూసుకుపోయింది.

ఆంధ్రప్రదేశ్ 2019లో కొంత దిగివచ్చి, ఇళ్ల స్థలాలను 20 ఏళ్ల తర్వాత అమ్ముకోనిచ్చింది. 2021లో ఆ గడువును 10 ఏళ్లకు తగ్గించింది.