అద్దె మీద కోపంతో పుట్టిన ఆట

మోనపలీ ఆడేటప్పుడు అందరి కళ్లూ బోర్డ్‌వాక్ మీదే ఉంటాయి. 400 డాలర్లు, పటంలోకెల్లా ఖరీదైన గడి. ఆట మర్మం తెలిసినవాళ్లు మాత్రం నారింజ రంగు గడుల కోసం బేరమాడతారు. ఆటగాళ్లు మాటిమాటికీ వెళ్లి పడేది జైల్లో. అక్కణ్నుంచి 6, 8, 9 గడుల దూరంలో ఆ మూడు స్థలాలూ ఉంటాయి. రెండు పాచికలు 36 రకాలుగా పడితే, అందులో 14 రకాలు నేరుగా వాటి మీదికే తీసుకెళ్తాయి.

నలుగురు ఆడుతుంటే ఒక రంగు సెట్టు దానంతటది ఒకరి చేతికి రావడం అరుదు. మార్చుకోవాల్సిందే. బోర్డ్‌వాక్ ఉండే ముదురు నీలం ఇచ్చి నారింజ తీసుకునే ముందు ఎదుటివాళ్ల దగ్గర మిగిలిన డబ్బు చూడాలి. నీలం మీద ఒక్కో ఇంటికీ 200 డాలర్లు కావాలి, నారింజకు 100 చాలు. నారింజ గడుల్లో ఒకటైన న్యూయార్క్ అవెన్యూలో రెండు ఇళ్లుంటే అద్దె 220, మూడో ఇల్లు లేస్తే ఏకంగా 600. ఆటలో ఉన్న ఇళ్లే మొత్తం 32. హోటళ్లకు పోకుండా ఇళ్లను అట్టిపెట్టుకున్నవాళ్లు ఇతరులకు కట్టుకునే వీలే లేకుండా చేయగలరు.

గెలిపించే ఈ ఎత్తులన్నీ ఒకామె ప్రపంచానికి చూపించాలనుకున్న అన్యాయాలే. ఎలిజబెత్ మేగీ స్టెనోగ్రాఫర్‌గా పనిచేసింది. ఊరు పెరగడం వల్ల పెరిగే భూమి విలువ ఊరందరిదీ కావాలని, పన్ను దాని మీదే వేయాలని వాదించిన హెన్రీ జార్జ్‌ను నమ్మింది. భూస్వామి ఎలా బలుస్తాడో, అద్దె కట్టేవాడు ఎలా చిక్కిపోతాడో ఆడించి చూపడానికి ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’ తయారుచేసి, 1904 జనవరి 5న పేటెంటు పొందింది. ఆ పటంలో ఒక ప్రభువుగారి జాగాలో కాలు పెడితే జైలే.

ఆట అచ్చులో కన్నా చేతిరాత పటాలలోనే ఎక్కువ తిరిగింది. డెలావేర్‌లోని ఆర్డెన్‌లో హెన్రీ జార్జ్ అనుచరులు ఆడారు, కాలేజీల్లో విద్యార్థులు ఆడారు. అట్లాంటిక్ సిటీ క్వేకర్లు తమ ఊరి వీధుల పేర్లు పెట్టుకున్నారు. దగ్గర్లోని మార్వెన్ గార్డెన్స్ పేరు ఎవరో మార్విన్ అని రాస్తే, తర్వాత ఈ ఆటను తనదిగా అమ్ముకున్న చార్లెస్ డారో గీసుకున్న పటంలోకీ ఆ తప్పే వచ్చింది. నకలు ఎవరిదో పట్టించడానికి ఇంతకన్నా ఆనవాలు అక్కర్లేదు. 1935లో ఆటల కంపెనీ పార్కర్ బ్రదర్స్ డారో దగ్గర ఈ మోనపలీ ఆటను కొంది. అతనికి రాయల్టీలు, సృష్టికర్తగా పేరూ దక్కాయి. మేగీ పేటెంటుకు దక్కింది 500 డాలర్లు. నాకిది నేటికీ మింగుడు పడదు. గుత్తాధిపత్యాన్ని ఎండగట్టిన మనిషి ఆటే ఒక గుత్త సరుకయిపోయింది.

మన ఇళ్లలో వేసవి సెలవుల్లో పిల్లలు ఆడే ‘బిజినెస్’ కూడా ఈ వంశానిదే. వీధుల స్థానంలో మన నగరాలు వచ్చాయి. డారో పేరు చాటున మేగీ దశాబ్దాలపాటు మరుగునపడే ఉంది. 1970లలో రాల్ఫ్ ఆన్‌స్పాక్ అనే అర్థశాస్త్ర ఆచార్యుడు ‘యాంటీ-మోనపలీ’ అనే ఆట తెచ్చి, పేరు విషయమై కోర్టుకెక్కాడు. తన వాదనకు బలం వెతుకుతూ పాత పటాలు, వాటితో ఆడిన ముసలివాళ్ల సాక్ష్యాలు కూడబెట్టాడు. ఆ వెతుకులాటలోనే మేగీ పేటెంటు మళ్లీ బయటపడింది.