బీర్స్ కోపం

1903 మార్చిలో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్ర గవర్నర్‌కి ఒక పొడవాటి ఉత్తరం వెళ్ళింది. రాసినవాడు మిడిల్‌టౌన్‌లోని ప్రభుత్వ పిచ్చాసుపత్రిలో రోగి. పేరు క్లిఫర్డ్ బీర్స్, యేల్ పట్టభద్రుడు, వయసు 26. వార్డుల్లో రోగుల్ని ఎలా కొడుతున్నారో, చలిలో గదుల్లో ఎలా పడేస్తున్నారో ఏకరువు పెట్టి, ఆసుపత్రి వాళ్ళ కళ్ళుగప్పి పంపించాడు. నిండా కోపం. అప్పటికి అతను మేనియాలో ఉన్నాడు. మరి ఆ కోపాన్ని జబ్బు లక్షణం కింద రాసుకోవాలా, సాక్ష్యం కింద తీసుకోవాలా?

కొంచెం వెనక్కి వెళ్ళాలి. అన్నకి మూర్ఛలు వస్తుంటే చూసి, తనకీ వస్తాయని బీర్స్ ఏళ్ళ తరబడి హడలిపోయాడు. 1900 జూన్‌లో ఇంటి కిటికీ లోంచి దూకేశాడు, బతికాడు. ఆ తర్వాత రెండేళ్ళు దాదాపు మౌనం. చుట్టూ ఉన్నవాళ్ళంతా డిటెక్టివులని, చూడ్డానికొచ్చే అన్న జార్జ్ కూడా వేషం వేసుకొచ్చిన ఎవడోనని నమ్మాడు. అప్పుడు కోపం లేదు, భయమే. నోరెత్తని రోగితో ఎవరికీ పేచీ ఉండదు కదా.

1902 ఆగస్టులో ఒక పరీక్ష పెట్టాడు. తోటి రోగి సాయంతో అన్నకి ఉత్తరం పంపి, వచ్చేటప్పుడు దాన్నే చేతిలో పట్టుకుని రమ్మన్నాడు. సీతమ్మ ఉంగరం చూశాక హనుమంతుణ్ణి నమ్మినట్టు, ఉత్తరం చూశాక బీర్స్ నమ్మాడు. జార్జ్ నిజంగా జార్జే. భ్రమల కోట కూలింది.

కోపం మొదలైంది ఆ తర్వాతే. నాకు ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. అనుమానాలు పోయాయి, కానీ మనసు ఎదురు దిక్కుకి ఎగిరింది: ఆగని మాటలు, రాతలు, పెద్ద పెద్ద ప్రణాళికలు. కాగితం పెన్సిలు లాక్కుంటే అరిచాడు. అరిస్తే స్ట్రెయిట్‌జాకెట్. చేతులు కదలకుండా బిగించి కట్టే ఆ చొక్కాలో వరసగా మూడు వారాల దాకా రాత్రుళ్ళు గడిపాడు. కడితే కోపం, కోపానికి మళ్ళీ కట్టడం. మేం దీన్ని ఫీడ్‌బ్యాక్ లూప్ అంటాం. సిస్టమ్‌ని సరిచెయ్యకుండా ప్రతి ఫిర్యాదునీ 'యూజర్ ఎర్రర్' అని మూసేస్తే జరిగేది అదే.

అలాగని బీర్స్ అమాయకుడని కాదు. అక్కడ ఏం జరుగుతుందో చూడాలని, కావాలనే గొడవ చేసి హింసాత్మక రోగుల వార్డుకి వెళ్ళాడు. ఆ సంగతి తనే ఒప్పుకున్నాడు. 1908లో వచ్చిన అతని 'ఎ మైండ్ దట్ ఫౌండ్ ఇట్‌సెల్ఫ్' పుస్తకం బలం ఇక్కడే ఉంది. వాళ్ళు కొట్టిన దెబ్బల్నీ, తను రెచ్చగొట్టిన తీరునీ రెండింటినీ దాచకుండా చెప్తాడు. నా కోపంలో కొంత జబ్బుది, కొంత న్యాయమైనది అని విడదీసి చూపించడం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే కష్టం. విలియం జేమ్స్ రాతప్రతి చదివి రాసిన మెచ్చుకోలు ఉత్తరాన్నే పుస్తకానికి ముందుమాటగా వేశారు.

సాలొవీ, మేయర్ 1990లో 'ఇమోషనల్ ఇంటెలిజెన్స్'ని నిర్వచించినప్పుడు చెప్పింది కూడా ఇంచుమించు ఇదే: తన భావాల్నీ, ఎదుటివాళ్ళ భావాల్నీ గమనించడం, వేరుచేసి గుర్తుపట్టడం, ఆ సమాచారాన్ని ఆలోచనకి వాడుకోవడం. గోల్‌మన్ పుస్తకం (1995) తర్వాత అది ఆఫీసులకొచ్చింది. మాకిచ్చే ట్రైనింగుల్లో దాని అర్థం 'మీటింగులో గొంతు పెంచకు' అనే స్థాయికి దిగిపోయింది. ఆ కొలతతో బీర్స్‌కి సున్నా మార్కులు. ఆ మార్కులు ఆసుపత్రికెందుకు వెయ్యరో మరి.

'ఎర్రగడ్డ'ని జోకుగా వాడే మనకి ఇది దూరపు కథేం కాదు. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఒంటరిగా బంధించడాన్నీ, గొలుసులతో కట్టడాన్నీ నిషేధించింది. సేవల్లో లోపాలుంటే ఫిర్యాదు చేసే హక్కు కూడా ఇచ్చింది. అంటే బీర్స్ ఉత్తరం ఇప్పుడు చట్టబద్ధం. దాన్ని చదివేవాడు కోపాన్ని దాటి లోపలి విషయం దాకా వెళ్తాడా అన్నది చట్టంలో రాయగలిగేది కాదు.

బీర్స్ 1908లో కనెక్టికట్‌లోనూ, మరుసటి ఏడు జాతీయ స్థాయిలోనూ మెంటల్ హైజీన్ సంఘాలు పెట్టాడు. అవి పెద్దమనుషుల సంఘాలయ్యాయి. సర్వేలు, నివారణ, పిల్లల క్లినిక్‌లు ముందుకొచ్చాయి. వార్డులోంచి వచ్చే కోపపు గొంతు పలచబడింది. అది గెలుపు ఖరీదని సరిపెట్టుకోవచ్చు, నాకు మాత్రం మనసొప్పదు. 1939లో బీర్స్ మళ్ళీ రోగిగా ప్రావిడెన్స్‌లోని బట్లర్ ఆసుపత్రిలో చేరాడు. 1943లో అక్కడే చనిపోయాడు.